చిన్న కుక్కకి మెడ బెల్టా, బాడీ బెల్టా? కొనేముందు వెనక్కి గుంజి చూడండి

విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిది నెలల షిట్జూ జాతి కుక్క, బరువు నాలుగున్నర కిలోలు. మెడ బెల్టు వేసి కిందికి తీసుకెళ్తే ముందుకు లాగుతోంది, లాగినప్పుడల్లా దగ్గుతోంది. షాపులో ఛాతీకి తొడిగే బాడీ బెల్టు (హార్నెస్) చూపించి, దాంతోపాటు కుక్క లాగితే సాగి, బటన్ నొక్కితే ఆగే తాడు కూడా తీసుకోమన్నారట. వాళ్ల నాన్నగారేమో "మా ఊళ్లో కుక్కలన్నీ గొలుసుతోనే పెరిగాయి, దీనికి ఈ చొక్కాలెందుకు" అంటున్నారట. ఏది కొనాలి?

అమ్మా, నేను డాక్టర్ని కాదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో 19 ఏళ్లు డాక్టరు గారి పక్కన నిలబడి కుక్కల్ని పట్టుకున్నవాణ్ణి. సూది చూడగానే కుక్క ఎటు గుంజుకుంటుందో నా చేతులకి తెలుసు. ఆ లెక్కలోనే చెప్తున్నాను.

కొనాల్సినవి ముందే చెప్పేస్తా. గొంతును తాకకుండా రొమ్ము ఎముక మీద కూర్చునే వై ఆకారం బాడీ బెల్టు ఒకటి. కుక్కని పట్టుకుని నడిపించడానికి అయిదడుగుల మామూలు నైలాన్ తాడు, అదే లీషు, ఒకటి. మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ వేలాడదీయడానికి ఒక తేలికపాటి మెడ పట్టీ. గొలుసు వద్దు, సాగే తాడు అసలే వద్దు. ఈ మాత్రం ఎవరైనా చెప్తారు. కొన్న తర్వాత జరిగే పొరపాట్ల గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

దానికంటే ముందు ఆ దగ్గు. దగ్గేటప్పుడు బాతు అరిచినట్టు గరగరమంటూ వస్తోందా? ఫోన్లో వీడియో తీసి డాక్టరు గారికి చూపించండి. క్లినిక్‌కి వెళ్లాక కుక్క దగ్గదు, ఎక్కడలేని బుద్ధిమంతురాలైపోతుంది. పామరేనియన్, యార్కీ, చివావా, షిట్జూ, పగ్ లాంటి చిన్న జాతుల్లో కొన్నిటికి శ్వాసనాళం పుట్టుకతోనే మెత్తగా ఉంటుంది. నాళం చుట్టూ మృదులాస్థి ఉంగరాలుంటాయి, అవి గట్టిగా ఉంటేనే గొట్టం తెరుచుకుని ఉంటుంది. అవి బలహీనపడితే నొక్కిన స్ట్రాలాగా గొట్టం చదునవుతుంది. మెడ బెల్టు ఆ జబ్బును పుట్టించదు, కానీ ఉన్నదాన్ని రేపుతుంది. ఒళ్లు పెరిగినా రేగుతుంది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. అంటుదగ్గు వచ్చినా శబ్దం దాదాపు ఇలాగే ఉంటుంది. అందుకని బెల్టు మార్చగానే సర్దుకుంటుందిలే అని ఊరుకోకండి. మీకు గన్నవరం దగ్గరే కదా, అక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లినా సరే, మీకు అలవాటైన డాక్టరైనా సరే.

మెడ బెల్టు వద్దనడానికి షిట్జూ విషయంలో ఇంకో కారణం కళ్లు. షిట్జూకి, పగ్‌కి కంటి గుంట లోతు తక్కువ, గుడ్డు బయటికే ఉంటుంది. మెడ బిగిస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గట్టిగా మెడ పట్టి లాగినప్పుడో, పెద్ద కుక్క మెడ పట్టుకున్నప్పుడో గుడ్డు బయటికి వచ్చేసిన కేసులు క్లినిక్‌లో చూశాను. చూసినవాళ్లెవరూ మళ్లీ షిట్జూకి మెడ బెల్టుకి లీషు తగిలించరు.

మీ నాన్నగారు చెప్పేది వాళ్ల ఊరి కుక్కల వరకు నిజమే. పదిహేను, ఇరవై కిలోల కుక్క, బలమైన మెడ, పైగా రోజంతా వదిలేసి రాత్రి పాక దగ్గర కట్టేసేవాళ్లు. దాన్ని ఎవరూ గొలుసుతో బందరు రోడ్డు మీద నడిపించలేదు. ఆయనకి ఒక లెక్క చెప్పండి. గొలుసు కొసన ఉండే ఇనుప హుక్కు ఒక్కటే 80 గ్రాములుందనుకుందాం. నాలుగు కిలోల కుక్కకి అది ఒంటి బరువులో నూటికి రెండు వంతులు. అరవై కిలోల మనిషి మెడకి కిలోంపావు రాయి కట్టినట్టు. అందుకే లీషు కొనేటప్పుడు తాడు రంగు కాదు, హుక్కు బరువు చూడండి. బొటనవేలంత చిన్న హుక్కు చాలు మీ కుక్కకి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. కుక్క ముందుకు లాగడం గురించే అందరూ మాట్లాడతారు. మన ఊళ్లల్లో చిన్న కుక్కలు తప్పిపోయేది ముందుకు లాగి కాదు, భయపడి వెనక్కి గుంజుకుని. వెనకనుంచి బుల్లెట్ బండి దడదడలాడుతూ వస్తుంది, సందులోంచి మూడు వీధి కుక్కలు లేస్తాయి, ఎక్కడో లక్ష్మీ బాంబు పేలుతుంది. అప్పుడు కుక్క మీ వైపు తిరిగి, తల దించి, చెవులు వెనక్కి అంటించి, ముందు కాళ్లు చాపి వెనక్కి వెనక్కి జరుగుతుంది.

నాకే జరిగింది. మా పామరేనియన్ మూడున్నర కిలోలు. అప్పటికి క్లినిక్‌లో పదేళ్ల అనుభవం, నాకన్నీ తెలుసనుకునేవాణ్ణి. చొక్కాలా ఉండి వీపు మీద అంటించుకునే వెల్క్రో రకం కొన్నాను, ముందుకు లాగి చూశాను, బాగానే ఆగింది. ఒక రాత్రి అరండల్‌పేటలో పెళ్లి ఊరేగింపు ఎదురొచ్చింది. బ్యాండు మేళం, వెనకాల జనరేటర్ బండి. ట్రంపెట్ ఒక్కసారి కూసేసరికి మా కుక్క వెనక్కి జరగడం మొదలుపెట్టింది. నేను లీషు పట్టుకునే ఉన్నాను. బనీను విప్పినట్టు ఆ చొక్కా దాని తలమీదుగా ఊడొచ్చి నా చేతిలో వేలాడింది. గంటన్నర వెతికితే మూసేసిన టిఫిన్ బండి కింద దొరికింది. దాని మెడకి అప్పుడు బిళ్ళ కూడా లేదు.

అందుకని బెల్టు వచ్చాక మొదటి పరీక్ష ఇంట్లోనే, తలుపులు వేసి చేయండి. కుక్కకి బెల్టు తొడిగి లీషు తగిలించి, దానికి ఎదురుగా చతికిలబడండి. లీషు దాని తలమీదుగా మీ వైపు రావాలి. మెల్లగా మీ వైపు లాగండి, అది వెనక్కి గుంజుకోనివ్వండి. ఆ పది సెకన్లు దాని మోచేతుల దగ్గరే చూడండి. పొట్ట కింది పట్టీ జారి మోచేతులు దాటి ముందుకొచ్చిందంటే ఆ బెల్టు మీ కుక్కకి పనికిరాదు. ఎంత ఖరీదైనదైనా సరే. బిగించి మళ్లీ చూడండి, అప్పటికీ జారితే వెనక్కి పంపేయండి.

జారకుండా ఉండాలంటే కొలత సరిగా ఉండాలి. టైలర్ టేపు తీసుకోండి, లేదా పురికొస చుట్టి స్కేలు మీద పెట్టండి. ముందు కాళ్ల వెనక, ఛాతీ అన్నిటికన్నా లావుగా ఉన్నచోట చుట్టూ ఒక కొలత. మెడ మొదట్లో, భుజాలకి ఆనుకుని ఇంకో కొలత. వెంట్రుకల మీద వదులుగా కాకుండా ఒంటికి ఆనేలా టేపు పెట్టాలి, పామరేనియన్లకీ షిట్జూలకీ సగం లావు వెంట్రుకలే. సైజు అక్షరాన్ని నమ్మకండి, ఒక కంపెనీ స్మాల్ ఇంకో కంపెనీ ఎక్స్‌ట్రా స్మాల్. సెంటీమీటర్లు రాసిన పట్టిక ఉన్నదే కొనండి. మీ కొలత ఆ పట్టికలో మధ్యలో పడాలి. చివర పడితే బిగించడానికో వదులు చేయడానికో చోటు మిగలదు.

తొడిగాక, ముందు పట్టీ ఎక్కడ కూర్చుందో వేలితో తడిమి చూడండి. మెడ కింద రెండు భుజాల మధ్య గట్టిగా ఒక ఎముక కొస తగులుతుంది. పట్టీ దాని మీద ఉండాలి. దానిపైన మెత్తగా తగిలేదంతా గొంతే. ఛాతీకి అడ్డంగా ఒక్క పట్టీ ఉండే రకాలు షాపుల్లో ఎక్కువ కనిపిస్తాయి, తొడగడం సులువు కాబట్టి. అవి భుజం కదలికకి అడ్డం పడొచ్చు. పైగా చిన్న కుక్క తల దించి వాసన చూస్తూ లాగితే ఆ పట్టీ పైకి జారి మళ్లీ గొంతు మీదికే వస్తుంది. అప్పుడు మెడ బెల్టు మానేసిన లాభమేముంది? వై ఆకారంలో పట్టీ ముందు కాళ్ల మధ్యనుంచి కిందికి దిగి పొట్ట పట్టీని కలుస్తుంది, అందుకే పైకి రాదు. పొట్ట పట్టీ చంకలో ఒరుసుకోకుండా మోచేతికి రెండు వేళ్ల వెనక ఉండాలి. అన్ని పట్టీల కిందా రెండు వేళ్లు పడుకోబెట్టి దూరిస్తే దూరాలి. మూడో వేలు దూరిందంటే వదులు.

షిట్జూ వాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. ఏప్రిల్ వస్తుంది, ఎండలు ముదురుతాయి, కుక్కకి గ్రూమింగ్ చేయించి వెంట్రుకలు పొట్టిగా కత్తిరిస్తారు. ఇంటికి తెచ్చి పాత బెల్టే పాత బిగింపుతోనే తొడుగుతారు. నిన్నటిదాకా సరిపోయిన బెల్టు ఆ రోజు వదులు. కటింగ్ చేయించిన రోజే మళ్లీ రెండు వేళ్ల పరీక్ష చేయాలి. అలాగే, నడుస్తుంటే ప్లాస్టిక్ సర్దుడు క్లిప్పులు కొద్దికొద్దిగా జారుతుంటాయి. సరిగ్గా బిగించాక క్లిప్పు ఉన్నచోట పట్టీ మీద మార్కర్ పెన్నుతో గీత గీసుకోండి. రోజూ వేళ్లు దూర్చనక్కర్లేదు, క్లిప్పు ఆ గీతకి దూరం జరిగి కనిపిస్తే జారినట్టే. మీదింకా ఎనిమిది నెలలదే కాబట్టి కొన్నాళ్లు రెండు వారాలకోసారి కొలవండి.

భయస్థురాలైన కుక్కకి నేను ఇంకో పని చేయిస్తాను. పక్కటెముకలు అయిపోయి నడుం సన్నబడే చోట పొట్ట కింద రెండో పట్టీ ఒకటి ఉంటే, వెనక్కి గుంజుకున్నా ఛాతీ లావు దాన్ని తేలిగ్గా దాటనివ్వదు. అలాంటి మూడు పట్టీల బెల్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ చిన్న సైజులు తక్కువ. నేను మా రెండో కుక్కకి మామూలు బెల్టు కొని, స్కూలు బ్యాగులు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లాను. బ్యాగు పట్టీ నైలాన్ ముక్క, ఒక క్లిప్పు వేసి, చతురస్రం కుట్టి అందులో ఇంటూ గుర్తు కుట్టాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. ఆ కుట్టు షాపులో బెల్టు కుట్టు కన్నా గట్టిగా ఉంది, నిజం చెప్తున్నా.

అది కూడా వద్దనుకుంటే, బాడీ బెల్టు రింగు నుంచి మెడ పట్టీ రింగుకి జానెడు పట్టీతో జోడించండి. రెండు కొసల్లోనూ చిన్న హుక్కులుంటాయి. మామూలుగా అది వదులుగా వేలాడుతుంటుంది, మెడ మీద ఏ బరువూ పడదు. బాడీ బెల్టు ఊడినప్పుడు మాత్రమే మెడ పట్టీ పట్టుకుంటుంది. దీపావళి వారం, వినాయక నిమజ్జనం రోజుల్లో మాత్రం ఇది లేకుండా గుమ్మం దాటకండి. ఆ రోజుల్లో డాబా మీదకి తీసుకెళ్లినా సరే.

షాపులో చేత్తో చూడాల్సినవి కొన్ని. లోహపు రింగుకి అతుకు దగ్గర సందు ఉండకూడదు, సందులోంచి హుక్కు జారిపోతుంది. ప్లాస్టిక్ బకిల్‌ని పెట్టి రెండు చేతులతో గట్టిగా గుంజండి, షాపు అతను కోప్పడితే పడనివ్వండి. వెల్క్రో ఒక్కటే పట్టుకుని ఉండే రకం వద్దు, వెంట్రుకలు ఇరుక్కుని నెల తిరక్కుండా పట్టు తప్పుతుంది. పట్టీ వెడల్పు ఈ బరువుకి 15 మిల్లీమీటర్లు చాలు. ఛాతీ దగ్గర లీషు తగిలించే రింగు గురించి చాలామంది అడుగుతారు. లాగే పెద్ద కుక్కలకి అది మంచిదే. అయిదు కిలోల లోపు కుక్కకి తాడు కాళ్లల్లో చుట్టుకోవడం తప్ప లాభం నాకు కనిపించలేదు. వీపు మీద రింగుకే తగిలించండి. లాగినప్పుడు ఆగిపోండి, తాడు వదులవగానే నడవండి. రెండు మూడు వారాల్లో దానికే అర్థమవుతుంది.

సాగే తాడు ఎందుకు వద్దంటున్నానో చెప్తా. అయిదు మీటర్లు సాగుతుంది. పటమటలో మీ గేటు ముందు నిలబడితే ఆటో తిరిగే చోటు అయిదు మీటర్ల లోపే కదా? మీరు బటన్ నొక్కేలోపు కుక్క అక్కడుంటుంది. సన్నతాడు వేగంగా వెళ్తూ మీ పిక్కకో వేళ్లకో తగిలితే కోసేస్తుంది, ఆ గాయాలు నేనూ కట్టాను, కుక్కకి కాదు, యజమానులకి. పిడి చేతిలోంచి జారిపడితే ఆ ప్లాస్టిక్ డబ్బా టకటకమని రోడ్డు మీద దాని వెనకే పరిగెడుతుంది. కుక్క దాన్ని చూసి ఇంకా బెదిరి ఇంకా పరిగెడుతుంది. అయిదడుగుల మామూలు లీషులో ఈ గొడవలేవీ లేవు. మూడడుగులదైతే మరీ పొట్టి. మీ చేతికీ దాని వీపుకీ మధ్యనే రెండడుగులు పోతుంది, ఇక తాడు ఎప్పుడూ బిగిసే ఉంటుంది. లీషు ఉచ్చును మణికట్టుకి వేసుకుని అరచేత్తో తాడు పట్టుకోండి, వేళ్లకి చుట్టుకోకండి.

మీది అపార్ట్‌మెంట్ కాబట్టి ఒకటి గట్టిగా చెప్తున్నా. లిఫ్టు. మనిషి లోపలికెళ్లి, కుక్క బయటే ఆగి, తలుపులు మూసుకుని లిఫ్టు కదిలితే తాడు ఏమవుతుందో ఆలోచించండి. తలుపుల మధ్య అడ్డం వచ్చినదాన్ని గుర్తించే సెన్సర్‌కి సన్నతాడు కనిపించకపోవచ్చు. నాలుగున్నర కిలోలే కదా, లిఫ్టు దగ్గర ఎత్తుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. బెల్టు మీద పిడి ఉంటే దానితో సంచిలా ఎత్తకండి, ఛాతీ కింద ఒక చేయి, వెనక కాళ్ల కింద ఒక చేయి పెట్టండి.

స్కూటర్ మీద కూడా అంతే. ముందు పాదాల దగ్గర కుక్కని నిలబెట్టి, లీషును సంచీ తగిలించే కొక్కేనికి కట్టి బెంజ్ సర్కిల్ దాటుతున్నవాళ్లని రోజూ చూస్తాను. అది దూకిందంటే వేలాడుతుంది. ఎవరైనా వెనక కూర్చుని ఒళ్లో బుట్టలో పెట్టుకోగలిగితేనే తీసుకెళ్లండి.

ఎండ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, బెజవాడ వాళ్లు. మే నెలలో మెత్త పెట్టిన జాకెట్ రకం బెల్టు వద్దు, పట్టీలే చాలు, లేకపోతే వల గుడ్డది. కుక్క ఒళ్లు చెమట పట్టి చల్లబడదు, నోరు తెరిచి రొప్పడమే దానికి దారి. షిట్జూకి ముక్కే చిన్నది. పొద్దున ఆరులోపు తిప్పుకొచ్చేయండి. సాయంత్రం తారు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు.

వీధి కుక్కలు వస్తే లీషు పొట్టిగా పట్టుకుని గోడకి వీపు ఆనించి నిలబడండి, పరిగెత్తకండి. నేను ఏ కాలంలోనైనా గొడుగు పట్టుకెళ్తాను. వాటి ముఖాన ఠపీమని తెరిస్తే చాలావరకు ఆగుతాయి. మీ కుక్కకి రాత్రి మెరిసే పట్టీ కూడా చూసి కొనండి, మోటార్ సైకిల్ వాడికి కిందున్నది కనిపించాలి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ. మెడకి దిష్టి తాడు కట్టారా? నల్లతాడు, మువ్వ? కట్టి ఉంటే ఇప్పుడే వెంట్రుకలు పక్కకి తీసి చూడండి. పిల్లగా ఉన్నప్పుడు కట్టింది, కుక్క పెరిగింది, తాడు పెరగలేదు. వెంట్రుకల కింద కనిపించదు. చెడు వాసన వస్తోందని తెచ్చిన ఒక పామరేనియన్ మెడ చుట్టూ చర్మంలోకి దిగిపోయిన తాడును డాక్టరు గారు కత్తెరతో ఒక్కో పోగూ తీశారు, నేను తల పట్టుకున్నాను. వాళ్లమ్మగారు బయట ఏడుస్తూ కూర్చున్నారు, కట్టింది ఆవిడే, ప్రేమతోనే. దిష్టి తాడు కావాలంటే పంజరానికో, అది పడుకునే పరుపుకో కట్టండి.

అదే కారణానికి బాడీ బెల్టు కూడా ఇంటికి రాగానే విప్పేయండి. రోజంతా ఉంచితే చంకల్లో వెంట్రుకలు అట్టకడతాయి, గోమార్లు దాక్కుంటాయి. విప్పినప్పుడల్లా చంకల్లో వేళ్లు పెట్టి తడమండి, ఎర్రగా ఉంటే అక్కడ ఒరుసుకుంటోందన్నమాట.

మొదటి నాలుగు రోజులు బయటికి తీసుకెళ్లకుండా ఇంట్లోనే తొడిగి అన్నం పెట్టండి. విగ్రహంలా నిలబడిపోతే కంగారుపడకండి, చాలా కుక్కలు అలాగే చేస్తాయి. ఛాతీ, మెడ కొలతలు సెంటీమీటర్లలో తీసి నాకు రాయండి, కటింగ్ ఎప్పుడు చేయించారో కూడా రాయండి. దగ్గు వీడియో మాత్రం నాకు కాదు, డాక్టరు గారికి.